వైద్యలేఖనమునకు రాజముద్ర

మన కేంద్రప్రభుత్వమువారు 2021వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీని ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అను కార్యక్రమమును దేశమంతట ప్రవేశపెట్టినది మొదలు, రోగుల వృత్తాంతములను కాగితములమీద గాక కంప్యూటరులలో వ్రాసియుంచు పద్ధతి పెద్ద ఆసుపత్రులను దాటి చిన్న ఊళ్లలోని డాక్టరుల బల్లలమీదికిగూడ వచ్చుచున్నది. పౌరునకు పదునాలుగంకెల ఆభా సంఖ్య నొసగుచున్నారు. ఆసుపత్రులకును, వారికి సాఫ్టువేరు నమర్చు కంపెనీలకును 2023 జనవరి 1వ తేదీనుండి ప్రోత్సాహకధనము నొసగు పథకమొకటి పెట్టి, దాని గరిష్ఠపరిమితి 4 కోట్ల రూపాయలని ప్రకటించిరి. ధనమున్నచోట సంత యేర్పడును. సంత యేర్పడినచోట ఏ సరకు మంచిదను ప్రశ్న పుట్టును. దానికి పలువురు చెప్పు సమాధాన మొకటే: ప్రభుత్వము పరీక్షించి యోగ్యతాపత్రము నొసగవలెను, ముద్రపడిన సాఫ్టువేరునే డాక్టరులు కొనవలెను. ఈ సమాధానము వినుట కింపుగ నున్నది. కాని అమెరికాదేశమువారు ఈ త్రోవను ఇప్పటికే ఇరువదేండ్లు నడచియున్నారు. వారికి దారిలో నేమి యెదురైనదో విచారింపక మనము కాలుపెట్టుట యుక్తము కాదని మా యభిప్రాయము.

అక్కడ ఈ ముచ్చట 2004వ సంవత్సరమున మొదలైనది. పదేండ్లలో అమెరికనులలో నధికసంఖ్యాకులకు ఎలక్ట్రానిక్ ఆరోగ్యరికార్డు ఉండవలెనని నాటి అధ్యక్షుడు బుష్ ఆశయము ప్రకటించెను. అందులకై జాతీయ సమన్వయకర్త కార్యాలయమును నెలకొల్పెను. ఆ యేడే మూడు సంఘములు కలసి సాఫ్టువేరులను పరీక్షించు కమిషను నొకదానిని స్థాపించినవి. దానిపేరు ఆంగ్లాక్షరములలో సి.సి.హెచ్.ఐ.టి. అని వాడుక. 2006 నుండి అది ముద్రలు వేయనారంభించెను. స్థాపించిన సంఘములలో నొకదానియందు ఆ సాఫ్టువేరులమ్ము కంపెనీలే సభ్యులు. పరీక్షకు వచ్చు కంపెనీ వేలకొలది డాలర్ల రుసుము చెల్లించుకొనవలెను. పెద్ద కంపెనీకది లెక్కలోనిది గాదు. నలుగురు కలసి పెట్టుకొన్న చిన్న కంపెనీకి అది గుమ్మముకడనే అడ్డుకఱ్ఱ యయ్యెను. పరీక్షింపబడువారి యింటనే పరీక్షకుడు పుట్టినాడను ఆక్షేపణ నాడే బయలుదేరినది. ఆ కమిషను 2014లో మూతపడినది. అది వేసిన ముద్రలను నమ్మి సరకు కొన్న డాక్టరులు మాత్రము ఉన్నచోటనే యుండిరి.

అసలు కథ 2009 ఫిబ్రవరిలో నున్నది. ఆర్థికమాంద్యమునుండి దేశమును లేవనెత్తుటకై చేసిన చట్టములో భాగముగ హైటెక్ అను పేర నొక చట్టము వచ్చినది. ముద్రపడిన సాఫ్టువేరును "అర్థవంతముగ" వాడితినని రుజువుచూపిన డాక్టరునకు మెడికేర్ పద్దునుండి 44,000 డాలర్లవరకును, బీదల వైద్యమునకైన మెడికెయిడ్ పద్దునుండి 63,750 డాలర్లవరకును ఒసంగెదమనిరి. 2015 నుండి వాడనివారికి మెడికేర్ చెల్లింపులలో కోత విధించెదమనిరి. ఎడమచేత బెల్లము, కుడిచేత బెత్తము. ఫలితము వెంటనే కనుపడినది. 2015 నాటికి అక్కడి సాధారణ ఆసుపత్రులలో నూటికి 96 ముద్రపడిన సాఫ్టువేరును కలిగియుండెను. అమెరికావారు అనుకొన్నది సాధించినారనియే చెప్పవలెను. రికార్డులు కంప్యూటరు నెక్కినవి.

ఐతే ఆ ముద్రకు విలువ యెంత? దీనిని తేల్చినది ఏ పండితసభయు గాదు. న్యూయార్కు నగరపాలనలో పనిచేసి యుండిన ఒక సాంకేతికోద్యోగి తేల్చెను. ఈక్లినికల్‌వర్క్స్ అను ప్రసిద్ధ కంపెనీవారి సాఫ్టువేరులో లోపములను కనుగొని, ప్రభుత్వమును మోసగించినవారిపై పౌరుడే వ్యాజ్యము వేయుటకు వీలిచ్చు చట్టము క్రింద న్యాయస్థానము నాశ్రయించెను. తరువాత ప్రభుత్వమే ఆ వ్యాజ్యమున చేరెను. ప్రభుత్వము మోపిన అభియోగములలో నొకదానిని పాఠకులు నెమ్మదిగ వినవలెను. డాక్టరు వ్రాసిన మందును మందులషాపు కంప్యూటరు పొరపాటు లేక గ్రహించుటకై అమెరికాలో ప్రతి మందునకును ఒక సంకేతాంకము కలదు. సాఫ్టువేరు ఆ సంకేతముల పూర్తిపట్టికనుండి ఏ మందు సంకేతమునైనను వెదకి తీయగలిగియుండవలెననుట నియమము. పరీక్షలో అడుగునవి 16 మందులు మాత్రమే. కంపెనీవారు పట్టికనుండి వెదకు శక్తిని సాఫ్టువేరునకు కల్పించుటకు బదులు ఆ 16 సంకేతములను మాత్రము అందులో చేత్తో వ్రాసియుంచిరట. పరీక్షకుడు పదునారును అడిగెను, పదునారును వచ్చెను, ముద్ర పడెను. రానున్న ప్రశ్నలకు సమాధానములు అరచేత వ్రాసికొనివచ్చిన విద్యార్థిని మన పల్లెటూరి బడిపంతులు పట్టుకొనగలడు. అమెరికా పరీక్షకులు పట్టుకొనలేకపోయిరి.

అంతటితో ముగియలేదు. ఎవరెప్పుడు రికార్డు నేమిచేసిరో తెలుపు చిట్టా నమ్మదగినట్లు వ్రాయబడుట లేదనియు, మందుకును మందుకును పొసగనిచోట హెచ్చరింపవలసిన యేర్పాటు ఒక్కొక్కప్పుడు పనిచేయుట లేదనియు, వేరొక సాఫ్టువేరునకు మారదలచిన డాక్టరు తన రోగుల వివరములను వెంటగొనిపోవుటకు వీలులేకున్నదనియు ప్రభుత్వము వాదించెను. 2017 మే 31వ తేదీని కంపెనీవారు తప్పొప్పుకొనకయే 15 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు సమ్మతించిరి. ఈ సొమ్ము చేరినది ప్రభుత్వఖజానాకును, వ్యాజ్యము తెచ్చిన యుద్యోగికిని. ఆ తెరలను చూచి మందు వ్రాసిన డాక్టరుల పేరుగాని, ఆ మందు మ్రింగిన రోగుల పేరుగాని ఆ లెక్కలో లేదు.

ఒక్కరు చేసిన పనియైనచో దుష్టుడొకడున్నాడని యూరకుండవచ్చును. 2019 ఫిబ్రవరిలో గ్రీన్‌వే హెల్త్ అను కంపెనీ 5 కోట్ల 72 లక్షల 50 వేల డాలర్లు చెల్లించినది; పరీక్షకొరకు మాత్రము సాఫ్టువేరును మార్చి చూపిరని అభియోగము. 2023 జూలైలో నెక్స్ట్‌జెన్ 3 కోట్ల 10 లక్షలు చెల్లించినది. పరీక్షాపత్రమును గట్టెక్కించుటకే తయారైన ఉపాంగమును తగిలించి లోపమును కప్పిపుచ్చిరని అభియోగము. 2020 జనవరిలో ప్రాక్టీస్ ఫ్యూజన్ అనునది 14 కోట్ల 50 లక్షలు చెల్లించినది. దీని కథ అన్నింటికంటె హేయము. నల్లమందుజాతి నొప్పిమందు లమ్ము ఒక కంపెనీనుండి సుమారు పదిలక్షల డాలర్లు గ్రహించి, ఆ మందులు హెచ్చుగ వ్రాయబడునట్లు డాక్టరుల తెరమీద సూచనలు కనుపడ నేర్పాటు చేసిరి. ఆ మందులచేత అమెరికాలో లక్షలకొలది కుటుంబములు చితికిన కాలమది. డాక్టరు ఆ సూచనను శాస్త్రవాక్యమని నమ్మెను. ఏల నమ్మడు? సాఫ్టువేరుమీద ప్రభుత్వముద్ర కలదు గదా.

ఇంతవరకు చెప్పినది మోసమును గూర్చి. ఋజువర్తనులైన కంపెనీల సంగతి విచారించినచో సందేహము తగ్గక యింకను పెరుగుచున్నది. ఏలయన పరీక్ష అడుగునది ఒకటి, రోగిమంచముకడ కావలసినది మరియొకటి. ఈ సాఫ్టువేరును వాడువారికి అనుకూలముగ రూపొందించితిమని కంపెనీలు చూపవలెనను నియమ మొకటి యుండెను. 41 కంపెనీలు ముద్రకొరకు సమర్పించిన నివేదికలను కొందరు పరిశోధకులు చదివి 2015లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ప్రకటించిరి. 14 కంపెనీలు తాము అవలంబించిన పద్ధతియేదో చెప్పుమన్న నియమమునే పాటింపలేదు. 26 కంపెనీలు పదునైదుమందికి తక్కువవారితో పరీక్షించి సరిపుచ్చుకొనినవి. ఐనను ముద్రలు పడినవి.

మరి మంచముకడ నేమి జరుగుచున్నది? వాషింగ్టన్ రాష్ట్రములోని స్పోకేన్ నగరమున మాజీసైనికుల ఆసుపత్రియందు 2020 అక్టోబరులో కొత్త సాఫ్టువేరు నెలకొల్పిరి. అది దేశములోని మిక్కిలి పెద్దకంపెనీలలో నొకటియగు సెర్నర్ వారిది. డాక్టరు ఒక పరీక్షకో చికిత్సకో ఆదేశము వ్రాయును. గమ్యస్థానము సరిపోలనిచో ఆ ఆదేశము ఎవరికిని కానరాని ఒక వరుసలో పోయి పడును. ఆదేశము చేరలేదని డాక్టరునకు తెలియదు. ఇట్లు 11,000కు పైగా ఆదేశములు చేరవలసినచోటికి చేరలేదనియు, 149 హానికర సంఘటనలు జరిగినవనియు ఆ శాఖ తనిఖీ అధికారి 2022 జూలైలో నివేదించెను. ఏ కాగితపుముక్క పోయినను చేతిలోనుండి పోయినట్లు తెలియును. ఇది పోయినట్లు తెలియకయే పోయినది. ఈ సందర్భమున మరియొక మాట. ఆ మాజీసైనికుల శాఖవారికి తమ డాక్టరులును తమ సాంకేతికులును పక్కపక్కన కూర్చుండి దశాబ్దములుగ కట్టుకొన్న విస్టా అను స్వంత సాఫ్టువేరు ఉండెను. దానిని దించివేయుటకై 2018లో పోటీటెండరు లేకయే వెయ్యికోట్ల డాలర్ల ఒప్పందము చేసికొని బయటిదానిని తెచ్చిరి. ఇంటినూతిని పూడ్చి కొళాయి పెట్టించుకొన్నవాని తెలివి మనకు కొత్తగాదు.

ముద్రలు పుట్టకమునుపటి దృష్టాంత మొకటి ఇంతకంటె బోధకమైనది. పిట్స్‌బర్గు నగరములోని పిల్లల ఆసుపత్రిలో డాక్టరుల ఆదేశములను కంప్యూటరుద్వారా వ్రాయు పద్ధతి ప్రవేశపెట్టిన తరువాత, ప్రత్యేకచికిత్సకై ఇతరస్థలములనుండి వచ్చిన పిల్లలలో మరణములు నూటికి 2.80 నుండి 6.57కు పెరిగినవని అక్కడి డాక్టరులే 2005లో ప్రకటించిరి. అదే సాఫ్టువేరును సియాటిల్ నగరములోని పిల్లల ఆసుపత్రిలో నెలకొల్పగా మరణములు పెరుగలేదు. సరకు ఒక్కటే. ఎట్లు అమర్చిరి, ఎంతకాలము నేర్పిరి, అంబులెన్సు వచ్చులోపల ఆదేశము వ్రాయనిచ్చిరా లేదా అనునవి వేరు. కంపెనీ ప్రయోగశాలలో సరకునకు వేసిన ముద్ర ఈ రెండు ఆసుపత్రుల భేదమును ఎట్లు చెప్పగలదు?

ఇచట బంగారపునగ యుదాహరణము చెప్పుదురు. హాల్‌మార్కు ముద్రను నమ్ముచున్నాము గదా, దీనిని నమ్ముట కేమి యని. బంగారము గీటురాయిమీద నేడెట్లున్నదో పదేండ్లకు నట్లే యుండును. అత్తవారింట నున్నను పుట్టినింట నున్నను దాని మాడ మారదు. 2021 నుండి నగనగకును వేరువేరుగ ఆరు అక్షరముల గుర్తు వేయుచున్నారు. సాఫ్టువేరు మాసమునకొక మార్పు చెందును. ఈ ఆసుపత్రిలో నొక అమరిక, ఆ ఆసుపత్రిలో నొక అమరిక. సోమవారము పరీక్షించినది శుక్రవారము డాక్టరు తెరమీద నున్నదేయని పూచీపడువా రెవరు? నేతిడబ్బామీది అగ్‌మార్కు సయితము ఆ డబ్బాలోని నేతికే గాని, రానున్న యేడు ఆ కొట్టువాడు పోయబోవు నేతికి చెల్లదు.

ముద్రవలన నొక కీడు అమెరికా శాసనములోనే చోటుచేసికొన్నది. మందులను, వైద్యపరికరములను పరీక్షించు ఎఫ్.డి.ఏ. అను శాఖ యొకటి వారికి కలదు. 2016 డిసెంబరులో చేసిన చట్టము వైద్యపరికర నిర్వచనమునుండి ఆరోగ్యరికార్డు సాఫ్టువేరును తప్పించినది. తప్పించుటకు పెట్టిన షరతులలో నొకటి ఆ సాఫ్టువేరునకు ఈ యోగ్యతాముద్ర పడియుండుట. గుండెకు తగిలించు యంత్రమును పరికించు కన్ను, గుండెమందు మోతాదును చూపు తెరను పరికింపదన్నమాట. గట్టి తనిఖీకి బదులుగ తేలిక తనిఖీ చెల్లినది. ముద్ర యుండుటచేతనే గదా ఇది సాధ్యమైనది!

డాక్టరునకు మిగిలిన దేమి? ఒప్పందపత్రములలో కంపెనీలు వ్రాయించుకొను నిబంధనలను 2009లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ఇద్దరు విమర్శకులు బయటపెట్టిరి. సాఫ్టువేరులో దోషముండి రోగికి హాని కలిగినను కంపెనీకి బాధ్యత లేదు; డాక్టరు విద్వాంసుడు గనుక ఆ దోషమును తానే కనిపెట్టవలెనట. కొన్ని ఒప్పందములలో దోషమును ఇతరులకు చెప్పరాదను నోటికట్టుగూడ నుండెను. తప్పుచూపిన తెర ఛాయాచిత్రమును తోటిడాక్టరునకు పంపినను ఒప్పందభంగ మగును. ఈ నోటికట్టు రోగుల క్షేమమునకు విఘాతమని 2011లో వారి వైద్యపరిషత్తు హెచ్చరించెను. 2016 చట్టము దానిని నిషేధించెను. నియమములు 2020లో గాని వెలువడలేదు. మొదటి ముద్రపడిననాటినుండి పదునాలుగేండ్లు! యోగ్యతాపత్రము కంపెనీకి, అపరాధము డాక్టరునకు. ఇట్టి పంపకమును సమ్మతించు వృత్తి ప్రపంచములో వేరొకటి యున్నదేమో మేమెఱుగము.

ఎదుటిపక్షమువారి మాటలో సత్యము లేకపోలేదు. ముద్రయే లేనిచో చిన్న ఊరి డాక్టరు అంగడిలో నెవ్వని మాట నమ్మవలెను? అందమైన తెరయు, అందమైన మాటయు గల అమ్మకందారు గెలుచును. కాగితపు రికార్డు స్వర్గమేమియు గాదు. డాక్టరుల చేతివ్రాత చదువలేక మందులషాపువాడు ఊహించి యిచ్చిన మందులు మనదేశమున నెన్నియో. హైదరాబాదులో చూపించుకొని ఒంగోలు వచ్చిన రోగి పాలిథీనుసంచిలో పట్టెడు కాగితములతో నిలుచుండుట నిత్యము చూచుచున్నదే. ఒక సాఫ్టువేరు వ్రాసినది మరియొకటి చదువగలుగుటకు ఉమ్మడిప్రమాణము కావలెను. ప్రమాణమున్నచో పరీక్ష తప్పదు. ఇంతవరకు మాకు వివాదము లేదు. ఒకదానితోనొకటి మాటలాడగలదా యను పరీక్ష వేరు, రోగికి క్షేమమా యను పరీక్ష వేరు. మొదటిదానికి వేసిన ముద్రను రెండవదానికి చెల్లించుకొనుటయే అమెరికాలో జరిగినది. దానినే మేము వలదనుచున్నాము.

మన దేశములో నేటివరకు ఉన్న పరీక్ష ప్రధానముగ మొదటితరగతిదే. ఆభా సంఖ్యను గుర్తించుట, రికార్డును దానికి జతపరచుట, రోగి సమ్మతిపై ఇతరుల రికార్డును చదువుట అను మూడు మజిలీలు దాటి, భద్రతాతనిఖీ పత్రము చూపిన సాఫ్టువేరును కలుపుకొనుచున్నారు. 2013లో వెలువడి 2016లో సవరింపబడిన మన ఆరోగ్యరికార్డు ప్రమాణములు పుస్తకమందున్నవి. ఇది దోషము గాదు, అదృష్టము. మనమింకను తప్పుదారిలో దూరము పోలేదు. కాని ప్రోత్సాహకధనము ముందే వచ్చినది, జతపరచిన రికార్డుల సంఖ్యనుబట్టి వచ్చినది. సంఖ్యకు ధనమిచ్చినచో సంఖ్య పెరుగును. గ్రీన్‌వే కంపెనీ సాఫ్టువేరు రోగులకిచ్చిన వివరపత్రముల నిష్పత్తిని తప్పుగ లెక్కించుచున్నదని తెలిసియు, సరిదిద్దినచో డాక్టరుల ప్రోత్సాహకము పోవునని కంపెనీ దిద్దలేదను అభియోగమును మన అధికారులు ఒకమారు చదువుట మంచిది.

మన పరిస్థితి అమెరికాకంటె కఠినము. అక్కడి డాక్టరు రోగితో గడపు ఒక్కొక్క గంటకు కంప్యూటరుతోను కాగితములతోను సుమారు రెండు గంటలు గడపుచున్నాడని 2016లో ప్రకటితమైన పరిశీలన తెల్పినది. మన ప్రాథమికవైద్యమున డాక్టరు ఒక్క రోగికి చేయు కాలము సగటున రెండు నిమిషములకు కొంచె మధికమని 2017 నాటి ఒక అంతర్జాతీయ పరిశీలన. ఆ రెండు నిమిషములలో తెరకెంత, రోగికెంత? ఏ ముద్రాపరీక్షయు ఈ ప్రశ్న నడుగదు. వరుసలో పసిబిడ్డ నెత్తుకొని నిలుచున్న తల్లి అడుగును.

కావున జాతీయ ఆరోగ్య ప్రాధికారసంస్థవారు యోగ్యతాముద్రవైపు అడుగువేయుటకు ముందు కొన్నింటిని స్థిరపరచవలెను. పరీక్ష కంపెనీ కార్యాలయములో గాక, రోగులు వచ్చుచుండు ప్రభుత్వ ఆసుపత్రిలో, వాడుచున్న డాక్టరును నర్సును అడిగి, ముందు తెలుపని దినమున జరుగవలెను. అడుగబోవు మందులు పదునారుగాని పదునారువందలుగాని కంపెనీకి ముందు తెలియరాదు. పరీక్షఫలితము పూర్తిగ ప్రజలకు ప్రకటింపబడవలెను. పరీక్షకునికి రుసుము కంపెనీచేతినుండి నేరుగ అందరాదు. విమానప్రమాదములను విచారించునట్లు సాఫ్టువేరువలన కలిగిన హానిని విచారించి ప్రకటించు స్వతంత్రకార్యాలయ మొకటి యుండవలెను. ఏ డాక్టరైనను, ఏ నర్సైనను భయములేక దానికి వ్రాయగలిగి యుండవలెను. ముద్రను వేయు చేతికి ముద్రను తీసివేయు అధికారమును, తీసివేసిన దినమున ఆ సాఫ్టువేరును నమ్మి కొన్న డాక్టరునకు అతని రోగుల రికార్డులను చెక్కుచెదరక వేరొకదానికి మార్పించి యిచ్చు బాధ్యతయు ఉండవలెను. ప్రభుత్వశాఖలే నిర్మించిన ఈ-హాస్పిటల్, ఈ-సుశ్రుత్ వంటివానికిగూడ ఈ నియమములే వర్తింపవలెను. స్వదేశీయని పరీక్ష తగ్గింపరాదు.

అమెరికాలో వేలకొలది తెలుగు డాక్టరులు ఈ తెరలముందు కూర్చుండి ఇన్నేండ్లు పనిచేసిరి. అట్టి సాఫ్టువేరులను నిర్మించు శాలలలో తెలుగు ఇంజనీరులు పనిచేయుచున్నారు. కష్టమెట్టిదో అనుభవించినవారును, లోపమెచట నుండునో యెఱిగినవారును మనవారే. సంక్రాంతికి స్వగ్రామములకు వచ్చునపుడు వీరిని పిలిచి సన్మానించుటయే గాక, మన రాష్ట్రముల వైద్యశాఖలు ఒకదినము కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొనినచో ఖర్చులేని విచారణసంఘ మగును. అంతలోపల, సాఫ్టువేరు కొనుచున్న మన డాక్టరులు ఒప్పందపత్రముయొక్క చివరి పుటలను చదువవలెను. హానికి కంపెనీ బాధ్యత వహింపదను వాక్యము, దోషమును ఇతరులకు తెల్పరాదను వాక్యము అందున్నచో, వానిని కొట్టివేయించిన తరువాతనే సంతకము చేయవలెను.